హంపి ట్రిప్‌లో రాత్రిపూట బైక్ ఎక్కడ పెట్టాలి, ఏ లాక్ వేయాలి?

హైదరాబాద్ నుంచి బుల్లెట్ మీద హంపి వెళ్తున్నాం, రెండు రాత్రులు హోస్పేటలో ఉంటాం, బండి పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది, ఏ లాక్ కొనాలి, జీపీఎస్ పెట్టించాలా అని అడిగారు. ఆ రూట్లో నేను తరచూ తిరుగుతుంటాను కాబట్టి చెప్తున్నా.

లాక్ సంగతి తర్వాత, ముందు లాడ్జి సంగతి చూడండి. రూమ్ బుక్ చేసేటప్పుడు గీజర్ ఉందా, వైఫై ఉందా అని అందరూ అడుగుతారు కానీ రాత్రి బండి గేటు లోపల పెట్టుకోనిస్తారా, ఆ గేటుకి తాళం వేస్తారా అని అడిగేవాళ్లు తక్కువ. ఆన్‌లైన్‌లో 'పార్కింగ్ ఉంది' అని రాసుంటే చాలాచోట్ల దానర్థం ఎదురుగా ఉన్న రోడ్డే. ఫోన్ చేసి కనుక్కోండి, హోస్పేటలో తెలుగు బాగానే నడుస్తుంది. లోపల జాగా లేదంటే రాత్రి జనం సద్దుమణిగాక రిసెప్షన్ ముందు పెట్టుకుంటానని అడగండి, చాలామంది సరే అంటారు. వాచ్‌మన్‌కి టీ ఖర్చులకి ఇస్తే మెట్ల మీద వేసే చెక్క కూడా ఆయనే వెతికి తెస్తాడు.

బుల్లెట్ బరువు కదా, ఎవడెత్తుకుపోతాడు అనుకోకండి. హ్యాండిల్ లాక్ అంటే లోపల ఉండేది చిన్న ఇనుప ముక్క, గట్టిగా కాలు దన్ను పెట్టి గుంజితే విరిగిపోతుంది. ఒక చలికాలం హంపికి దగ్గర్లోనే ఒక లాడ్జిలో దిగాను, లోపల కార్లు నిండిపోయి బండి గోడ పక్కనే బయట పెట్టాల్సి వచ్చింది. పొద్దున వచ్చి చూస్తే, రాత్రి ఎడమవైపు తిప్పి లాక్ చేసిన హ్యాండిల్ కుడివైపుకి తిరిగి ఉంది. బండి అడుగు దూరం ముందుకి జరిగింది, వెనక చక్రంలోంచి దూర్చి గేటు పక్క ఇనుప స్తంభానికి కట్టిన చైన్ బిర్రుగా లాగి ఉంది, చైన్ రాసుకున్న చోట స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చట్రం) మీద పెయింట్ లేచిపోయింది. అంతే, బండి మాత్రం అక్కడే ఉంది. లాడ్జి వాళ్లని అడిగితే సీసీ కెమెరా ఉంది సార్ అన్నారు, ఉంది నిజమే, దాని మొహం ఆకాశం వైపు ఉంది.

అందుకే నా ఓటు చైన్‌కే. ప్లాస్టిక్ తొడుగు వేసిన సన్న కేబుల్ లాక్‌లు కొనకండి, ఒక మోస్తరు కట్టర్‌తో తెగిపోతాయి, అవి హెల్మెట్ కట్టుకోవడానికి బాగుంటాయి. కనీసం 10 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టిపరిచిన ఉక్కు చైన్ తీసుకోండి. ముందు చక్రానికి ఒక్కదానికే వేస్తే చక్రం విప్పేసి మిగతాది పట్టుకుపోవచ్చు, అందుకని వెనక చక్రం, ఫ్రేమ్ రెండూ కలిసేలా దూర్చి, పీకలేని స్తంభానికో గ్రిల్‌కో కట్టండి. చైన్ నేల మీద పడుండకూడదు, నేలకి ఆనించి కట్టర్ మీద బరువంతా వేసి నొక్కడం దొంగకి తేలికవుతుంది. బరువు ఉంటుంది, దాన్ని వీపు బ్యాగులో మోయకండి, పడితే వెన్నుకే దెబ్బ. సాడిల్ బ్యాగులో అడుగున పెట్టండి.

డిస్క్ లాక్, అంటే బ్రేక్ డిస్క్‌కి తగిలించే తాళం, ఒక్కటే చాలదు. బండి దొర్లకుండా ఆపుతుంది కానీ ఇద్దరు ముగ్గురు ఎత్తి ట్రాలీ ఆటోలో వేసుకుంటే ఏం చేస్తుంది? పగలు టిఫిన్‌కి ఆగినప్పుడు మాత్రం బాగా పనికొస్తుంది. దాంతో వచ్చే రంగు తీగని హ్యాండిల్‌కి తగిలించుకోండి, లేకపోతే లాక్ సంగతి మర్చిపోయి గేర్ వేసి నలుగురి ముందు పడతారు.

పగలు హంపిలో బండి కంటే సామాన్ల గురించే ఎక్కువ చూసుకోవాలి. విఠల ఆలయం దగ్గరికి బళ్లు పోనివ్వరు, దూరంగా పార్క్ చేసి బ్యాటరీ బండిలోనో నడిచో వెళ్లాలి, రెండు మూడు గంటలు బండి మీ కంటికి కనపడదు. బ్యాగులు రూమ్‌లో దింపాకే బయల్దేరండి. సూర్యోదయానికి మాతంగ కొండ ఎక్కాలనుకుంటే చీకట్లో కొండ కింద ఒంటరిగా వదలకుండా, దగ్గర్లో మనుషులున్న ఇల్లో కొట్టో చూసి అడిగి పెట్టండి.

జీపీఎస్ పెట్టించండి, తప్పులేదు, కానీ అది దొంగతనాన్ని ఆపదు, పోయాక వెతకడానికి పనికొస్తుంది. బ్యాటరీకి కలిపేది, సొంత బ్యాకప్ ఉన్నది తీసుకోండి. ఎయిర్‌ట్యాగ్ (యాపిల్ వాళ్ల చిన్న ట్రాకర్ బిళ్ల) చవకే, అయితే చుట్టుపక్కల యాపిల్ ఫోన్లు ఉంటేనే అది ఎక్కడుందో తెలుస్తుంది, పైగా తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కి కూడా కబురు వెళ్లొచ్చు.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని విషయం, ఇన్సూరెన్స్. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైక్ కొంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, తప్పనిసరి చేశారు. ఐదేళ్లకి కట్టేశాంగా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ బండి పోతే డబ్బులిచ్చేది ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) భాగం, అది చాలా పాలసీల్లో మొదటి ఏడాదికే ఉంటుంది, తర్వాత ఏటా మీరే కట్టుకోవాలి. బయల్దేరే ముందు పాలసీ తీసి ఆ తేదీ చూడండి. క్లెయిమ్ చేస్తే కంపెనీ వాళ్లు రెండు తాళంచెవులూ అడుగుతారు, కాబట్టి రెండోది ఇంట్లో జాగ్రత్తగా పెట్టండి. ఆర్సీ ఒరిజినల్ కూడా ఇంట్లోనే ఉంచండి, డిజిలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది.

ఒకవేళ పోతే, ముందు 112కి ఫోన్ చేసి, అదే రోజు అక్కడి స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాయించి, వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. ఎఫ్ఐఆర్ వెంటనే చేసి, కంపెనీకి చెప్పడం ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా ఆ గొడవ దాకా పోనివ్వకండి.

ఇంతకీ మీ బుల్లెట్‌కి వెనక డిస్కా, డ్రమ్మా? డ్రమ్ అయితే డిస్క్ లాక్ ముందు చక్రానికే పడుతుంది, మోడల్ చెప్తే చైన్ ఎటు నుంచి దూర్చాలో చెప్తాను.