కైట్‌బోర్డు కూడా పడవేనా? లైఫ్ జాకెట్ లేదని రాసిచ్చిన కాగితానికి ఏం జవాబివ్వాలి

ప్రశ్న: లాయర్ గారూ, నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. హెచ్1బీ మీద పనిచేస్తున్నాను, గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తోంది. మూడేళ్ళుగా వీకెండ్స్‌లో ఫాస్టర్ సిటీ థర్డ్ అవెన్యూ దగ్గర కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీటిపై పోయే ఆట) చేస్తున్నాను. పోయిన నెల ఒడ్డుకు అర మైలు దూరంలో ఉండగా గస్తీ బోటు వచ్చి ఆపింది. "ఇది వెసెల్ (పడవ) కిందికి వస్తుంది, లైఫ్ జాకెట్ ఏది?" అన్నారు. దెబ్బ తగలకుండా ఒంటిమీద వేసుకున్న ఇంపాక్ట్ వెస్ట్ చూపించాను. అది చెల్లదని కాగితం రాసిచ్చారు. నా పక్కనుంచే జాకెట్ లేకుండా వెళ్తున్న విండ్‌సర్ఫర్‌ను (తెరచాప బిగించిన పలక మీద పోయేవాణ్ణి) మాత్రం పలకరించనైనా లేదు. నాలుగున్నర అడుగుల పలకను పడవ అంటారా? డబ్బు కట్టేసి ఊరుకోవాలా, పోట్లాడాలా? వీసాకేమైనా ఇబ్బందా? మా పదేళ్ళ అబ్బాయి కూడా నేర్చుకుంటానంటున్నాడు, వాడికి రూల్స్ ఏమిటి?

జవాబు: పోట్లాట సంగతి తర్వాత. ముందు ఆ కాగితం ఎవరిచ్చారో చూడండి. బోటులో వచ్చిన వాళ్ళందరూ మనకు ఒకేలా కనిపిస్తారు కానీ, వాళ్ళు రాసిచ్చే కాగితాలు వెళ్ళే దారులు వేరు.

అది కోస్ట్ గార్డ్ వాళ్ళ బోర్డింగ్ రిపోర్ట్ అయితే వ్యవహారం సివిల్ పెనాల్టీ దారిలో పోతుంది. వాళ్ళు అక్కడికక్కడ జరిమానా వేయరు. ఫైలు కోస్ట్ గార్డ్ హియరింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తుంది, అక్కడినుంచి మీకు ఉత్తరం వస్తుంది. అది అందిన 30 రోజుల్లో మూడింట్లో ఒకటి చేయాలి: డబ్బు కట్టాలి, లేదా మీ వాదన, ఆధారాలు రాతపూర్వకంగా పంపాలి, లేదా హియరింగ్ కావాలని అడగాలి. చట్టంలో మొదట రాసుకున్న గరిష్ఠ పెనాల్టీ 1000 డాలర్లు, ధరలు పెరిగేకొద్దీ దాన్నీ పెంచుతూ వచ్చారు. మొదటి తప్పు, అందులోనూ ఏదో ఒక వెస్ట్ వేసుకున్న మనిషి అనేసరికి తగ్గించమని అడగడానికి బాగానే చోటుంటుంది.

కౌంటీ షెరీఫ్ మనుషులు ఇచ్చిందైతే అది కోర్టుకు రమ్మనే నోటీసు. దాని మీద సంతకం పెట్టారు కదా, తప్పు ఒప్పుకున్నట్టేనేమో అని భయపడకండి. వస్తానని మాట ఇచ్చినట్టు, అంతే. ఇక జాతీయ పార్కు పరిధిలో ఇచ్చే టికెట్ ఇంకో రకం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్రిసీ ఫీల్డ్‌లో కైట్ ఎగరేసేవాళ్ళకు ఇది తెలియాలి, ఎందుకంటే ఆ ఒడ్డు గోల్డెన్ గేట్ నేషనల్ రిక్రియేషన్ ఏరియాలోది. ఆ టికెట్లు ఫెడరల్ టికెట్ల లెక్క చూసే సెంట్రల్ వయొలేషన్స్ బ్యూరోకు వెళ్తాయి. దాని మీద ఎ, బి అని రెండు గడులుంటాయి. ఎ దగ్గర టిక్కు ఉంటే మెజిస్ట్రేట్ ముందు హాజరు కావాల్సిందే. బి అయితే అందులో రాసిన మొత్తం కట్టేయవచ్చు, లేదా నా మాట వినండి అని హాజరు కావచ్చు.

వీసా గురించి. సివిల్ పెనాల్టీ నేరశిక్ష కాదు. మిగతా రెండూ మాత్రం, ఎంత చిన్నవైనా, కోర్టు రికార్డులోకి ఎక్కుతాయి, డబ్బు కట్టినా రికార్డు రికార్డే. లైఫ్ జాకెట్ లేదని గ్రీన్ కార్డు ఆగిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. నా దగ్గరకొచ్చిన వాళ్ళలో ఇబ్బంది పడింది తప్పు చేసినందుకు కాదు, తారీఖు మరిచిపోయినందుకు. కోర్టుకు వెళ్ళకపోతే వారెంటు పుడుతుంది, ఆ వారెంటు ఎయిర్‌పోర్టులోనో ఫింగర్‌ప్రింట్ల రోజునో బయటపడుతుంది. కాబట్టి డబ్బు కట్టే ముందే ఆ కాగితం మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు చూపించండి. కేసు ముగిశాక ముగిసిందని కోర్టు ఇచ్చే కాగితం తీసుకుని పాస్‌పోర్టుతో పాటు దాచండి. రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఇలాంటివి అడుగుతారు.

ఇప్పుడు మీ కోపానికి అసలు కారణం దగ్గరికి వద్దాం. పలకను పడవ అంటారా? అంటారు. అమెరికా చట్టాల మొదటి టైటిల్ మూడో సెక్షన్‌లో వెసెల్ అంటే నీటి మీద రవాణాకు వాడే, లేదా వాడటానికి వీలయ్యే ఏ రకమైన సాధనమైనా అని ఉంది. ఆ మాటల్ని పట్టుకుంటే నీటిలో తేలేవన్నీ పడవలే. 2013లో సుప్రీంకోర్టు దానికి కాస్త కళ్ళెం వేసింది. ఫ్లోరిడాలోని రివియెరా బీచ్‌లో లోజ్‌మన్ అనే ఆయన తేలే ఇంట్లో ఉండేవాడు. ఆ ఊరి పాలకవర్గం దాన్ని ఓడ కింద జమకట్టి కేసు వేసింది, వేలంలో కొని ముక్కలు చేయించింది కూడా. సుప్రీంకోర్టు 7-2 తేడాతో అది వెసెల్ కాదంది. తేలినంత మాత్రాన సరిపోదు, ఇంగితం ఉన్న మనిషి దాన్ని చూసి, ఇది మనుషుల్నో సరుకుల్నో నీటి మీద మోసుకుపోవడానికి చేసిందే అనుకోవాలి అంది. చెక్క తొట్టి, గిన్నెలు కడిగే ప్లాస్టిక్ తొట్టి, కీలు ఊడదీసిన తలుపు, ఇవేవీ వెసెళ్ళు కావని తీర్పులోనే రాశారు. చదివినప్పుడు నాకు మా ఊరి బావి గుర్తొచ్చింది. వీపుకు మునగ బెండ్లు కట్టుకుని అందులో ఈత నేర్చుకున్నాం. ఆ బెండ్లను ఏ జడ్జీ పడవ అనడు.

మీ బోర్డు సంగతి అలా కాదు. గాలి బాగుంటే థర్డ్ అవెన్యూలో దిగి కొయోటీ పాయింట్ దాకా పోయి తిరిగొస్తారు కదా. దాన్ని ప్రయాణం కాదని జడ్జి ముందు అనడం కష్టం. దానికి తోడు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ పందేలు పెట్టారు, మార్సెయ్ తీరంలో, అదీ సెయిలింగ్ విభాగంలో. అవతలి లాయరు ఆ ఒక్క ముక్క చెప్పి కూర్చుంటాడు. నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పాడిల్‌బోర్డు విషయంలో ఈ గొడవ ముందే నడిచింది. ఈతకొట్టే, సర్ఫింగ్ చేసే, స్నానాలు చేసే పరిమిత ప్రాంతం దాటి వాడితే అది వెసెలేనని 2008 అక్టోబరు 3న కోస్ట్ గార్డ్ తేల్చింది. ఆ 'పరిమిత ప్రాంతం దాటితే' అన్న మాటే కైట్ వాళ్ళకు వాదించడానికి పట్టు. అలల దగ్గర ఆడుకుంటున్న వాడికి అది పనికొస్తుంది. మీరు అర మైలు లోపలికి పోయారు. అందుకే 'నాది పడవ కాదు' అన్న వాదన మీద డబ్బూ, సెలవులూ ఖర్చు పెట్టొద్దని నా సలహా.

వెసెల్ అన్నాక ఫెడరల్ రూళ్ళ పుస్తకంలోని 33 సీఎఫ్ఆర్ 175.15 వర్తిస్తుంది. బోటులో ఉన్న ఒక్కొక్కరికీ ఒంటికి వేసుకునే లైఫ్ జాకెట్ ఒకటి ఉండాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఫెడరల్ రూలు పెద్దవాళ్ళను జాకెట్ 'వేసుకోమని' అనలేదు, 'ఉంచుకోమని' అంది. కాయక్‌లో అయితే కాళ్ళ దగ్గర పడేస్తారు. కైట్‌బోర్డు మీద ఎక్కడ ఉంచుతారు? ఒంటి మీదే. అందుకని మీకు ఉంచుకోవడమన్నా వేసుకోవడమన్నా ఒకటే.

మరి విండ్‌సర్ఫర్‌ను ఎందుకు వదిలేశారు? అధికారి పక్షపాతం కాదు, రూలులోనే ఉంది. 175.17లో సెయిల్‌బోర్డులకు లైఫ్ జాకెట్ నుంచి మినహాయింపు ఇచ్చారు. సెయిల్‌బోర్డు అంటే ఏమిటో 175.3 చెబుతుంది: తెరచాపతో నడవాలి, నీటికి పైన అంచు అనేది ఉండకూడదు, తెరచాపను నిలబెట్టే, ఎటైనా తిరిగే కొయ్య ఉండాలి, ఆ కొయ్యను తాళ్ళతో బిగించి ఉండకూడదు. మీ పక్కవాడికి కొయ్య ఉంది, మీకు లేదు. మీ తెరచాప డెబ్భై, ఎనభై అడుగుల దారాల చివర ఆకాశంలో ఉంది. కొయ్య పుణ్యమా అని ఆయన బయటపడ్డాడు.

ఇది అన్యాయం అంటే నేనూ ఒప్పుకుంటాను. ఆ నిర్వచనం రాసేనాటికి కైట్‌బోర్డింగ్ జనంలోకి రాలేదు, అది ఊపందుకున్నది 1990ల చివర్లో. రెండింట్లోనూ తేలే పలకే, రెండింట్లోనూ సామాను పెట్టుకునే చోటు లేదు, నడిపేవాడు ఎలాగూ వెట్‌సూట్‌లోనే ఉంటాడు. మినహాయింపు వెనక ఉన్న తర్కం మీకూ సరిపోతుంది. కాకపోతే ఈ మాట హియరింగ్ ఆఫీసర్‌కు చెబితే ఆయన రూలు మార్చలేడు, మహా అయితే పెనాల్టీ తగ్గిస్తాడు. రూలు మార్చమని అడిగే చోటు వేరు. ఫెడరల్ సంస్థల రూళ్ళను మార్చమనో, ఎత్తేయమనో పిటిషన్ పెట్టే హక్కు అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ అందరికీ ఇచ్చింది, పౌరసత్వంతో పనిలేదు. భద్రతకు భంగం లేదనుకుంటే మినహాయింపు ఇచ్చే అధికారం కోస్ట్ గార్డ్‌కు ఫెడరల్ చట్టాల్లోని 46 యూఎస్‌సీ 4305 కింద ఉంది. మీ తీరంలో కైట్ వాళ్ళంతా కలిసి 'సెయిల్‌బోర్డు నిర్వచనంలో కైట్‌తో నడిచే బోర్డును కూడా చేర్చండి' అని రెండు పేజీలు రాస్తే, మీరొక్కరే ఇరవై పేజీల అప్పీలు వేయడం కన్నా మేలు.

ఆ రెండు పేజీల్లో 'లైఫ్ జాకెట్ మాకు అడ్డం' అని ఊరికే రాయకండి, ఎలా అడ్డమో చూపించండి. ఇదివరకు ఒక క్లయింటు నా ఆఫీసులోనే చొక్కా మీద హార్నెస్ (కైట్‌ను ఒంటికి తగిలించే పట్టీ) కట్టుకుని, పైన మామూలు బోటు జాకెట్ తొడుక్కుని చూపించాడు. కైట్ లాగినట్టు హార్నెస్‌ను పైకి లాగమన్నాడు. లాగాను. జాకెట్ గడ్డం దాకా ఎక్కింది, దాని అంచు ముడుచుకుని కొక్కేనికి పైన ఉండే ఎర్ర క్విక్ రిలీజ్ (ప్రమాదంలో కైట్‌ను వెంటనే వదిలించే పిడి) కప్పడిపోయింది. దాని కోసం చేత్తో తడుముకున్నాడు, దొరకడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. కుర్చీలో కూర్చున్న నాకే కంగారు పుట్టింది. ఒక వీడియో, రెండు ఫొటోలు పిటిషన్‌కు జతచేయండి.

అంతదాకా రూలు రూలే. మీ ఇంపాక్ట్ వెస్ట్ చెల్లదన్నది నిజం. అది దెబ్బ తగలకుండా కాపాడేది, దాని మీద కోస్ట్ గార్డ్ ఆమోదం ఉండదు. లోపలి వైపు లేబుల్ తిప్పి చూడండి, యూఎస్ కోస్ట్ గార్డ్ అప్రూవ్డ్ అని, కింద అప్రూవల్ నంబరు ఉండాలి. యూరప్ వాళ్ళ సీఈ ముద్ర చాలదు. సైజు మీకు సరిపోవాలి, చిరుగులుండకూడదు, లేబుల్ చదవడానికి వీలుగా ఉండాలి, ఇవి లేకపోయినా కాగితం రాస్తారు. నడుముకు కట్టుకునే గాలి బెల్టు తెలివైన దారి అని చాలామంది అనుకుంటారు. దాన్ని ధరించి ఉంటేనే లెక్కలోకి వస్తుంది, పదహారేళ్ళ లోపు వాళ్ళకు కుదరదు, పైగా వేగంగా నీళ్ళల్లో పడే ఆటలకు వాడొద్దని చాలా బెల్టుల లేబుల్ మీదే ఉంటుంది. నడుము పైకి కత్తిరించినట్టు పొట్టిగా ఉండే ఆమోదిత వెస్టులు దొరుకుతాయి, హార్నెస్‌తో కలిపి షాపులోనే వేసుకుని చూడండి. కొన్న రసీదు హియరింగ్ ఆఫీసర్‌కు పంపే జవాబుకు జతచేయండి. 'నేను ఆటలో దెబ్బ తగలకుండా వెస్ట్ వేసుకునే ఉన్నాను, దానికీ ఆమోదిత జాకెట్‌కూ తేడా నాకు తెలియలేదు, ఇదిగో సరైనది కొన్నాను' అన్న మూడు ముక్కలు మీ కేసులో నేను రాసే ఏ వాదన కన్నా ఎక్కువ పనిచేస్తాయి. జాకెట్ల గురించి నేను తేలిగ్గా మాట్లాడలేను, మాది గోదావరి జిల్లా, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి ఫోన్లు ఇంకా గుర్తున్నాయి.

వెసెల్ అన్న పేరు పడ్డాక జాకెట్‌తో ఆగదు. ఊదే ఈల ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇరుకు కాలువల్లో పెద్ద ఓడల దారికి అడ్డు రాకూడదని చెప్పే, నౌకాయాన నియమాల్లోని రూల్ 9 మీకూ వర్తిస్తుంది. నాలుగు బీర్లు తాగి కైట్ ఎగరేస్తే తాగి బోటు నడిపినట్టే, ఆ కేసు వచ్చిందంటే మాత్రం వీసా సంగతి నేను పైన చెప్పినంత తేలిగ్గా ఉండదు. సెలవుల్లో వేరే రాష్ట్రం వెళ్తే అక్కడి రూలు చూసుకోండి. న్యూయార్క్‌లో నవంబరు 1 నుంచి మే 1 దాకా 21 అడుగుల లోపు బోట్లలో జాకెట్ వేసుకోవాల్సిందే. ఫ్లోరిడాలో ఎయిర్‌పోర్టు రన్‌వేకి ఎదురుగా ఉండే నీళ్ళల్లో కైట్ ఎగరేయకూడదని చట్టంలో విడిగా రాశారు.

మీ అబ్బాయి విషయంలో వాదనలేవీ లేవు. పదమూడేళ్ళ లోపు పిల్లలకు 'ఉంచుకుంటే' చాలదు, కదిలే బోటు మీద ఒంటికి వేసుకునే ఉండాలి. వాడి బరువుకు సరిపడే, ఆమోదం ఉన్న జాకెట్ కొనండి. వచ్చే ఏడాదికి కూడా వస్తుంది కదా అని ఒక సైజు పెద్దది మాత్రం కొనకండి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే వాడి చెవుల దాకా రాకూడదు.