ఆ ఉంగరానికి ఒక షరతు పెట్టు, అమ్మాయ్

అమ్మాయ్,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన నలభై పేజీల కథ, రెండూ అందాయి. కథ రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట, ఉత్తరంలో ‘మేడమ్’ అని పదకొండుసార్లు రాశావు, లెక్కపెట్టాను. ఇక మీదట పెద్దమ్మా అను, సరిపోతుంది.

రాత్రి రెండింటి దాకా మేలుకుని కొరియా రాజుల సీరియళ్ళు చూస్తానన్నావు. గౌన్లూ గుర్రబ్బగ్గీలూ ఉన్న పాత ఇంగ్లండు కథ కనపడితే వదలనన్నావు. మీ అమ్మమ్మ చెప్పిన రాకుమారి కథలు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయన్నావు. ఇంత ఇష్టంగా రాసి, కింద పేరాలోనే ‘ఇవన్నీ పిల్లల కథలని ఫ్రెండ్స్ నవ్వుతున్నారు, ఇలాంటివి రాస్తే రచయితనంటారా’ అని అడిగావు. దీనికి జవాబు చెప్తూ కూర్చోను. నవ్వనీ. నవ్వేవాళ్ళు కూడా టీవీలో ‘మాయాబజార్’ వస్తుంటే రిమోట్ ముట్టుకోరు.

నాకు ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి. పాతకాలపు కథలు, మాయల కథలు, అమ్మమ్మ కథలు, ఈ మూడూ ఒకే మనిషికి నచ్చడం ఏమిటి? పట్టుబట్టలు, కోటలు, దీపాల వెలుగు, ఇవే కారణమని చాలా ఏళ్ళు అనుకున్నాను, ఎందుకంటే నాకూ అవే కనపడేవి, నీలాగే. ఇప్పుడు అలా అనుకోను. ఆ మూడు లోకాల్లోనూ కట్టుబాటు కళ్ళకు కనపడుతుంది, అదీ అసలు సంగతి. ఆ గది తలుపు తీయకు, ఉత్తరం దిక్కుకు పోకు, రాజుగారి ముందు తల ఎత్తకు, మగపిల్లాడు లేకపోతే ఎస్టేటు దూరపు చుట్టానికి పోతుంది. చెయ్యకూడనిది ముందే చెప్పేస్తారు, ఆ తర్వాత ఎవరో ఒకరు అదే చేస్తారు. మనకూ కట్టుబాట్లున్నాయి, కాకపోతే పైకి ఎవరూ చెప్పరు. ఆఫీసులో ఎవరి జోకుకు నవ్వాలో, పెళ్ళిచూపుల్లో ఏ ప్రశ్న అడగకూడదో తప్పు జరిగిపోయాకే తెలుస్తుంది. అందుకే రోజంతా ఈ తెలియని గీతల మధ్య తిరిగి వచ్చి, రాత్రి పూట గీతలన్నీ తెల్లగా గీసి ఉన్న లోకంలోకి వెళ్ళి కూర్చుంటాం.

ఇప్పుడు నీ కథకు వద్దాం. నీ రాకుమారి దగ్గర ఒక ఉంగరం ఉంది, అది ఏం అడిగినా ఇస్తుంది. అన్నం అడిగితే అన్నం, సైన్యం అడిగితే సైన్యం. పన్నెండో పేజీలో ఆ ఉంగరం వచ్చింది, అక్కడితో నాకు టెన్షన్ పోయింది. మిగతా ఇరవై ఎనిమిది పేజీలు నువ్వు బాగా రాశావు కాబట్టి చదివాను, ఏమవుతుందోనని కాదు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలుక, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం అని మనవాళ్ళు ఊరికే చెప్పలేదు. అంత బలవంతుడికి కూడా ఒకచోట ప్రాణం చిక్కుకుని ఉండాలి. నీ ఉంగరం దేనికి చిక్కుకుని ఉంది?

షరతు పెట్టడం అంటే పెద్ద విద్య ఏమీ కాదనుకుంటావేమో. బేతాళ కథలు తీసుకో. రాజు శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడవాలి, నోరు తెరిస్తే బేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు. ఇది ఒక షరతు. దీని ఒక్కదానితో కథ నడవదు, నోరుమూసుకుని నడిచే రాజును ఎంతసేపు చూస్తాం? రెండో షరతు చూడు, ప్రశ్నకు జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. మాట్లాడితే శవం పోతుంది, మాట్లాడకపోతే తల పోతుంది. ఒక షరతు మనిషిని ఆపుతుంది అంతే, రెండో షరతు వచ్చి మొదటిదానికి అడ్డం తిరిగినప్పుడు గదా ఊపిరాడనిది. ఆ బిగింపు ఎంత గట్టిదంటే, పాత సంస్కృత కథలు పాతిక అయిపోయినా ‘చందమామ’ వాళ్ళు అదే చట్రంలో కొత్త కథలు అల్లి దశాబ్దాల తరబడి నెలనెలా వేశారు. మేం చిన్నప్పుడు పుస్తకం రాగానే ముందు చివరి లైను చూసేవాళ్ళం, ఈసారీ చెట్టెక్కాడా లేదా అని. ఎప్పుడూ ఎక్కేవాడు. అయినా చూసేవాళ్ళం.

పాతకాలపు కథల్లో మాయలుండవు గానీ ఈ పని ఆ కాలమే చేసి పెడుతుంది. కాకపోతే ఆ కాలం తెలియాలి. నా పరువు తక్కువ సంగతి ఒకటి చెప్తాను. నా మొదటి చారిత్రక కథలో రుద్రమదేవి సైన్యంలోని ఒక కుర్రాడు యుద్ధానికి ముందు రాత్రి ఎండుమిరపకాయలు నూరుకుని అన్నంలో కలుపుకుంటాడు, వాళ్ళమ్మ గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. పత్రికలో వచ్చింది, నేను తెగ మురిసిపోయాను. వారం తిరక్కుండా ఒక రిటైరైన టీచరు గారి పోస్టుకార్డు. ‘అమ్మా, మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది, వాళ్ళు కాలికట్‌లో దిగిందే 1498లో. మీ కుర్రవాడు రెండు వందల ఏళ్ళు ముందుగా ఏడ్చాడు’ అని. మూడు రోజులు ఎవరికీ ముఖం చూపించలేదు నేను. (నీ కథలో విజయనగర రాజుల కాలం నాటి వంటవాడు టమాటా పప్పు చేశాడు, నలభైలో ఏడో పేజీ. వేరుశనగ, బంగాళాదుంప కూడా తీసెయ్, అవీ మిరపకాయలాగే అమెరికా నుంచి తర్వాత వచ్చిన బాపతే.)

తప్పు దిద్దుకోవడానికని మళ్ళీ కూర్చుంటే, మిరపకాయ తీసేసిన చోట మిరియాలు వచ్చాయి. మిరియాలు ఎక్కడివి? కొన్ని సముద్రం మీద రావాలి, రేవులో సుంకం కట్టాలి. ఆ దారి పట్టుకుని వెళ్తే మోటుపల్లి శాసనం దగ్గర తేలాను. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం అది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది ఆ ఊరు. అంతకు ముందు తుఫానుకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు సరుకంతా లాగేసుకునేవాళ్ళట. ఇక మీదట అలా జరగదు, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని వర్తకులకు అభయం ఇచ్చాడు. ఆలోచించు. శాసనం పడ్డ మర్నాడే ఒక ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చిందనుకో. లాక్కోవడం అలవాటైన రేవు అధికారి ఒకడు, చదువు రాని పడవ మనిషి ఒకడు, వాళ్ళిద్దరి మధ్య రాతిమీద రాజుగారి మాట. దీనికి ఉంగరం ఎందుకు? ఈ కథ నేను రాయలేదు, కావాలంటే నువ్వు రాసుకో.

రుద్రమ సంగతే చూడు. ఆడమనిషి గద్దె మీద కూర్చుంది, సైన్యాలు నడిపింది, శాసనాల్లో మాత్రం రుద్రదేవ మహారాజు. ఒక్క పేరులో ఎంత కట్టుబాటు ఉందో ఊహించు.

నీ కొరియా రాజుల్లోనూ ఇలాంటిది ఉంది. చొసన్ వంశం మూడో రాజు తేజొంగ్, సవతి తమ్ముళ్ళను చంపించి గద్దెకెక్కినవాడు, చిన్నవాడేం కాదు. 1404లో వేటలో గుర్రం మీంచి పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని అటూ ఇటూ చూసి, చరిత్ర రాసేవాడికి ఈ సంగతి తెలియనివ్వకండి అన్నాడు. ఆ చరిత్రకారుడు రాజు పడ్డాడని రాశాడు, తెలియనివ్వకండి అన్నాడని కూడా రాశాడు. ఆ రాతలు చదివే హక్కు రాజుకు లేదు! తమ్ముళ్ళను చంపించినవాడు ఒక గుమాస్తా కలానికి జంకడం, ఇంతకంటే మాయ ఏం కావాలి? నువ్వు ఆ సీరియళ్ళు చూసేటప్పుడు పట్టుబట్టల మీది కుట్టుపని చూస్తూనే, మూల కూర్చుని రాసుకునే వాడి మీద కూడా ఒక కన్ను వెయ్.

చిన్న చిన్నవి కొన్ని. నీ రాజు ముఖం పున్నమి చంద్రుడిలా ఉందని నాలుగుసార్లు రాశావు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వాడు పేస్, కృష్ణదేవరాయల ముఖం మీద మశూచి మచ్చలున్నాయని రాశాడు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్ళంతా అదే పట్టించి, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడట. ఈ ఒక్క పొద్దు ముందు నీ చంద్రుడు వెలవెలబోయాడు. ఇంకా, నీ సేనాపతి ‘ఐదు నిమిషాల్లో వస్తాను ప్రభూ’ అన్నాడు. గడియలో వస్తాననమను, ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది, పాపం కాస్త ఊపిరి పీల్చుకుంటాడు.

భాష గురించి ఎక్కువ చెప్పను. రాకుమారి ఒక పేజీలో ‘ఏమి ఈ వైపరీత్యము’ అని, తర్వాతి పేజీలో ‘అబ్బా బోర్’ అంటే కష్టం. పాత పుస్తకాల భాష అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు. ‘మాయాబజార్’కి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు ‘తసమదీయులు’ అనే మాటను ఏ నిఘంటువును అడిగి పుట్టించాడు? 1957 నుంచి వాడుకుంటున్నాం. నీ రాజ్యానికి నాలుగు మాటలు నువ్వే పుట్టించు, మిగతాదంతా మీ ఇంట్లో మాట్లాడే తెలుగే ఉండనీ.

అన్నట్టు, మీ అమ్మమ్మ నీకు ఏడు చేపల కథ చెప్పే ఉంటుంది. ఒకసారి మళ్ళీ చెప్పించుకుని విను, లేదా నీకు నువ్వే పైకి చెప్పుకో. రాజుగారు, ఏడుగురు కొడుకులు, వేట, ఏడు చేపలు, మొదట్లో అంతా దర్జాగానే ఉంటుంది. ఒక చేప ఎండలేదనేసరికి కథ రాకుమారులను అక్కడే వదిలేసి గడ్డిమేటు దగ్గరికి, ఆవు దగ్గరికి, పాలేరు దగ్గరికి, వాడికి అన్నం పెట్టని అవ్వ దగ్గరికి, ఏడ్చే పిల్లాడి దగ్గరికి పోయి చివరికి చీమ దగ్గర ఆగుతుంది. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ. ఆ రాకుమారులు మళ్ళీ ఎవరికీ గుర్తు రారు. నీ కథలో కోట ఉంది, తోట ఉంది, అంతఃపురం ఉంది, నలభై పేజీల్లో ఆకలేసిన మనిషి ఒక్కడూ లేడు. గుర్రాలు కడిగేవాడు పదహారో పేజీలో కనపడి ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు. వాణ్ణి వెనక్కి పిలువు.

సంక్రాంతికి గుంటూరులోనే ఉంటాను. తిరగరాసింది అప్పుడు పట్టుకురా, మొత్తం కాకపోయినా ఉంగరం వచ్చిన పేజీ నుంచి చాలు. వచ్చేలోపు నీ తెల్లగుర్రం సంగతి కూడా చూడు. రాకుమారిని ఎక్కించుకుని అడవిలో మూడు పగళ్ళు, మూడు రాత్రులు పరుగెత్తింది, దానికి గుక్కెడు నీళ్ళు పట్టినట్టు ఎక్కడా రాయలేదు.

మీ అమ్మమ్మను అడిగానని చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ