గిన్నె కొలత ఒకటైనా తూకం ఒకటి కాదు

అమ్మాయీ,

నీ ఆవకాయ వ్యాసం చదివాను. ముక్కలు తుడిచి ఆరబెట్టడం, టెంక పెంకు ఉంచడం చక్కగా రాశావు. కానీ "కారం, ఆవపిండి, ఉప్పు తలా 125 గ్రాములు" అన్న వాక్యం మాత్రం అచ్చుకు వెళ్లకూడదు. ఆ మూడూ సమానం అని మనవాళ్లు చెప్పేది గిన్నె లెక్కన. 240 మిల్లీలీటర్ల కప్పుతో అంచుకు సమంగా కొలిస్తే కారం సుమారు 125 గ్రాములు, ఆవపిండి 100, మెత్తటి ఉప్పు 285 తూగుతాయి. నీ లెక్కన ఉప్పు అరకప్పు కూడా పడదు. ఉప్పు చాలకపోతే ముక్క మెత్తబడి, పచ్చడి బూజు పడుతుంది. నిన్ను నమ్మినవాళ్ల ఏడాది పచ్చడి పోతుంది.

కల్లుప్పు దంచి వేసేవాళ్లకు 285 కూడా కుదరదు. పలుకుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి అదే కప్పులో తక్కువ తూగుతుంది. అందుకే ఏ ఉప్పో తప్పకుండా రాయి.

పట్టికలను గుడ్డిగా ఎత్తి రాయకు, నీ వంటింట్లోనే తూచు. ముందు కప్పు సంగతి తేల్చుకో. ఖాళీ కప్పును కాటా మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయి. ఎన్ని గ్రాములుంటే దాదాపు అన్ని మిల్లీలీటర్లు. అమెరికా కప్పు సుమారు 240, ఆస్ట్రేలియాది 250, రైస్ కుక్కర్‌తో వచ్చేది సాధారణంగా 180. అందుకే బియ్యం 240 మిల్లీలీటర్ల కప్పుకి 200 గ్రాములైతే, కుక్కర్ కప్పుకి 150 మాత్రమే. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లూ నీ రాత చూసి వండుతారు, కాబట్టి "1 కప్పు" అని వదిలేయకుండా ఎన్ని మిల్లీలీటర్లదో పైనే చెప్పు. టేబుల్ స్పూనూ అంతే: మామూలుగా 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20.

తర్వాత కప్పును బాగా తుడిచి ఆరబెట్టి, పిండి కొలువు. అసలు చిక్కు పిండితోనే. మైదాను చెంచాతో వదులుగా వేసి, కత్తి వీపుతో అంచు చదును చేస్తే కప్పుకి 120 గ్రాములు. డబ్బాలో కప్పు ముంచి తీస్తే 140 దాటుతుంది, తట్టి నింపితే ఇంకా ఎక్కువ. రెండు కప్పుల కేకులో ఆ తేడా 40 గ్రాములు దాటితే కేకు పొడిబారి పగులుతుంది. ఒకే పద్ధతిలో మూడుసార్లు తూచి సగటు వేయి, ఆ పద్ధతేమిటో ఒక వాక్యంలో రాయి. పంచదారకు ఇంత గొడవ లేదు, కప్పుకి 200.

మైసూర్‌పాక్‌కి "ఒకటికి రెండు" అంటే కప్పుల్లోనే. కప్పు శనగపిండి 100 గ్రాముల దగ్గర ఉంటుంది, రెండు కప్పుల పంచదార 400. అంటే తూకంలో ఒకటికి నాలుగు.

పసుపు, మెంతిపిండి, ఇంగువలకు మాత్రం తూకం వద్దు. ఒక్కో గ్రాము చూపే ఇంటి కాటా మీద 3 గ్రాములు 2 కావచ్చు, 4 కావచ్చు. అక్కడ 5 మిల్లీలీటర్ల టీస్పూనే నయం.

ఆవకాయ వాక్యాన్ని ఇలా మార్చు: "కారం 125 గ్రాములు, ఆవపిండి 100 గ్రాములు, మెత్తటి ఉప్పు 285 గ్రాములు, 240 మిల్లీలీటర్ల కప్పుతో ఒక్కొక్కటి 1 కప్పు." నీ ఇంటి కారం, ఆవపిండి తూచాక అంకెలు కాస్త అటూ ఇటూ అయితే నీవే వేసుకో.