అన్నం మానేస్తావట, అమ్మడూ

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. సోమవారం నుంచి అన్నం ముట్టవట, పొద్దున టిఫిన్ ఉండదట, రాత్రికి రెండు పుల్కాలేనట. తిండికి ఒక పద్ధతి పెట్టుకోవాలని నీ అంతట నీకే తోచినందుకు ముచ్చటేసింది. కానీ ఊరుకాని ఊళ్లో ఒక్కదానివే గదిలో ఉంటావు. కళ్లు తిరిగి పడితే మంచినీళ్లిచ్చే దిక్కు ఎవరని ఒకటే దిగులు.

మామూలు సంగతులు నీకు తెలుసు. నూనె ఒక మనిషికి నెలకు లీటరు ప్యాకెట్ దాటకూడదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు. ఊరగాయ, అప్పడం ఆ లెక్కలోవే. కాఫీ, టీ భోజనానికి గంట ఎడంగా తాగు, లేకపోతే ఆకుకూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

నా భయమంతా ఆ 'ముట్టను' అన్న మాటతోనే. మన ఇళ్లలో ఆడవాళ్లు ఎన్నేళ్లుగానో చేస్తున్న పొరపాటది. పొద్దున కాఫీతో సరిపెడతారు, మధ్యాహ్నం కాస్త కూర, మజ్జిగ. రెండ్రోజుల్లో తూకం కిలో తగ్గేసరికి సంబరం. తగ్గినదాంట్లో చాలామటుకు నీరే. పిండిపదార్థం అందకపోతే ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ, అదే గ్లైకోజెన్, ఖర్చవుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. మూడోనాడు సాయంత్రం నీరసంతో చేతులు వణికేవేళకి బజ్జీల బండి కనబడుతుంది. నాలుగు తింటారు. 'ఎలాగూ చెడింది కదా' అనుకుని రాత్రి పదింటికి మిగిలిన అన్నంలో ఆవకాయ కలుపుకుని పొయ్యి దగ్గరే నిలబడి గిన్నె ఖాళీ చేస్తారు. తెల్లారాక సిగ్గుతో మళ్లీ పస్తు. ఆ పస్తుతో మరుసటి రాత్రి ఆకలి ఇంకా రెచ్చిపోతుంది. దీన్ని నిగ్రహం లేకపోవడం అని తిట్టుకోకు తల్లీ. పగలంతా మాడ్చిన ఒళ్లు రాత్రికి బాకీ వసూలు చేసుకుంటుంది, అంతే.

అందుకని అన్నం మానకు, కొలిచి వండుకో. రైస్ కుక్కర్‌తో వచ్చే కొలత గ్లాసుకి దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. అందులో సగం నీకు ఒక పూటకి. గుప్పెడు కందిపప్పు గానీ గుడ్డు గానీ ఉండాలి, కంచంలో సగం కూరలుండాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన రోజువారీ కంచంలో కూడా తృణధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు ఉన్నాయి.

నియమాలు మూడు చాలు. కూర్చునే తినాలి, ఫోన్ పక్కన పెట్టి. ఒంటిగంటకి తిని తొమ్మిదిదాకా ఉండకూడదు, అయిదింటికి ఉడికించిన సెనగలు గానీ వేయించిన పల్లీలు గానీ గుప్పెడు బ్యాగులో ఉంచుకో. వడ్డించుకున్నాక గిన్నె మూతపెట్టి లోపల పెట్టెయ్. ఇంకా కావాలనిపిస్తే ఇరవై నిమిషాలు ఆగు, అప్పటికీ ఆకలిగా ఉంటే హాయిగా తిను. పెళ్లిలో బొబ్బట్లు తిన్నంత మాత్రాన ఏమీ తప్పు లేదు. మర్నాడు పొద్దున టిఫిన్ మానావంటే మాత్రం కోప్పడతాను.

తూకం వారానికొకసారి చాలు. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో పెరిగినట్టు చూపించవచ్చు, కంగారుపడకు. నెలసరి ఆగిపోయినా, తిన్నది కక్కేయాలనిపించినా దాచకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు. మీ అమ్మతో చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

కందిపొడి పంపుతున్నాను. అన్నంలో చెంచాడు నెయ్యి వేసుకుని కలుపుకో, ఆ నెయ్యిని నూనె లెక్కలో రాసుకో.

మీ పెద్దమ్మ