స్లైడ్లు తలకెక్కడం లేదంటే పిల్లలో లోపం ఉన్నట్టా?

ప్రశ్న: మాది హిందూపురం, కిరాణా కొట్టు. మా అమ్మాయి బెంగళూరులో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. ఇంటర్‌లో సార్లు బోర్డు మీద రాస్తూ చెబితే బాగా వచ్చేదట. ఇక్కడ గంటలో యాభై అరవై స్లైడ్లు తిప్పేస్తున్నారు, ఏమీ ఎక్కడం లేదు, క్లాసు మానేసి హాస్టల్లో వీడియోలు చూసుకుంటానంటోంది. ఎవరో లెర్నింగ్ స్టైల్ టెస్టు చేసి, తను ‘విజువల్ లెర్నర్’, అంటే చూసి నేర్చుకునే రకం అని చెప్పి ఒక వీడియో కోర్సు కొనమన్నారు. కొనాలా? మెడిసిన్‌లో చేర్చి తప్పు చేశామేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పేమీ చేయలేదండీ. బెంగళూరులో మెడిసిన్ చేరి నా దగ్గరకు వచ్చే మన రాయలసీమ పిల్లల్లో మొదటి మూడు నెలల్లో ఈ మాట అనని వాళ్లు తక్కువ. మీ అమ్మాయికి బోర్డే ఎందుకు నచ్చుతోందో ముందు చూద్దాం, ఎందుకంటే ఆ ఇష్టంలో న్యాయం ఉంది.

అనాటమీలో బ్రేకియల్ ప్లెక్సస్ అని ఒక పాఠం. మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయలుదేరి చేతిలోకి దిగే నరాల అల్లిక అది. మేడమ్ సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద ముందు ఐదు గీతలు గీస్తారు. పై రెండూ కలిసి ఒకటవుతాయి, మధ్యది ఒంటరిగా సాగుతుంది, కింది రెండూ కలుస్తాయి. ఇప్పుడు మూడు. ఒక్కొక్కటీ రెండుగా చీలుతుంది, ఆరు. మళ్లీ కలిసి మూడు. సుద్దముక్క కదిలే వేగంతోనే పిల్లల పెన్నూ కదులుతుంది. స్లైడులో అయితే ఆ అల్లికంతా నాలుగు రంగుల్లో ఒక్కసారిగా పడుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో కన్ను వెతుక్కునేలోపే తర్వాతి స్లైడు. అంటే మీ అమ్మాయికి కావలసింది బోర్డు కాదు, ఆ నిదానం. దాన్ని తనే తెచ్చుకోవచ్చు.

స్లైడ్లను పూర్తిగా తీసిపారేయకూడదు కూడా. మైక్రోస్కోపు కింద కనిపించే కణజాలాన్నీ, ఎక్స్‌రేనీ సుద్దముక్కతో ఎవరూ గీయలేరు.

క్లాసు మానేయడం మాత్రం వద్దు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. పైగా 2019 బ్యాచ్ నుంచి వచ్చిన కొత్త పాఠ్యవిధానం ప్రకారం లెక్చర్లు మొత్తం సమయంలో మూడో వంతు దాటకూడదు. మిగతాదంతా డిసెక్షన్ (శవాన్ని కోసి అవయవాలు చూడటం), ప్రాక్టికల్స్, చిన్న గ్రూపుల్లో చర్చలు. అన్ని కాలేజీలూ దాన్ని ఒకేలా నడపడం లేదన్నది నిజమే. అయినా ఆ చిన్న గ్రూపులో సార్ ప్రశ్న వేసినప్పుడు తడబడి, సరిదిద్దుకుని నేర్చుకునేది ఏ వీడియోలోనూ దొరకదు.

వీడియో చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. ఇబ్బంది అక్కడే. అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. తామే లెక్కలతో కుస్తీ పట్టిన క్లాసులో పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. చక్కటి లెక్చర్ విన్నప్పుడు దీనికి తలకిందులు. అర్థమైనట్టు అనిపించడం వేరు, వచ్చి ఉండటం వేరు.

ఇక ఆ కోర్సు కొనకండి. డబ్బు దండగ. పిల్లల్ని విజువల్ (చూసి నేర్చుకునేవాళ్లు), ఆరల్ (విని నేర్చుకునేవాళ్లు) అంటూ విడదీసే ‘వార్క్’ అనే ప్రశ్నావళిని న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ తయారుచేశారు. అయితే ఎవరి స్టైల్‌కు తగ్గట్టు వాళ్లకు చెబితే ఎక్కువ వస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనలన్నీ పరిశీలించి తేల్చారు. డాక్టరు కాబోయే పిల్లకు ఆ ముద్ర హాని కూడా చేస్తుంది. గుండె చప్పుడు చెవితో పట్టుకోవాలి, ఉబ్బిన కాలేయాన్ని వేళ్లతో తడిమి తెలుసుకోవాలి. ‘నేను విజువల్’ అని కూర్చుంటే ఎలా?

చేయవలసింది ఇది. ముందు రోజు రాత్రి పావుగంట, పాఠంలోని బొమ్మలు మాత్రమే చూసుకోమనండి. క్లాసులో స్లైడులో ఉన్నదంతా రాసుకోవద్దు, అర్థం కాక తెగిపోయిన చోట మాత్రం గుర్తు పెట్టుకోవాలి. సాయంత్రం పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద గీయాలి. ఆగిపోయిన చోటే పుస్తకం తెరవాలి. మొదట్లో విసుగొస్తుంది, రెండు వారాలు ఓర్చుకోవాలి.

ఇంకో పని, పిల్లలు భయపడి చేయనిది. నలుగురు కలిసి వెళ్లి, ‘మేడమ్, ఈ ఒక్క బొమ్మ బోర్డు మీద గీసి చూపిస్తారా?’ అని మర్యాదగా అడగమనండి. అడిగితే కాదనే టీచర్లు తక్కువ. ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే ‘బాగోలేదు’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘స్లైడ్లు తగ్గించి, బొమ్మలు గీసి చూపండి’ అని రాస్తే సరిచేసుకునే వీలుంటుంది.

ముందు ముందు వార్డుల్లో బోర్డూ ఉండదు, స్లైడూ ఉండదు. మంచం మీద పేషెంటు కన్నడలో నొప్పి చెబుతుంటే వినాలి. హిందూపురం పిల్లకు కన్నడ కొత్త కాదు కాబట్టి అక్కడ తనదే పైచేయి.

ఈసారి ఇంటికి వచ్చినప్పుడు కొట్లో ఒక కాగితం ఇచ్చి, ఆ నరాల అల్లిక మీకు గీసి చెప్పమనండి. మీకు అర్థం కాని ప్రతిచోటా ఆపి, ‘ఇదెందుకు ఇటు వెళ్లిందమ్మా?’ అని అడగండి.