డాక్టర్ సలహా: కడుక్కోమంటే డ్రమ్ములో చేతులు ముంచి పారిపోతున్నారు!

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అనంతపురం. బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. పాపకి నాలుగేళ్లు, అంగన్‌వాడీకి వెళ్తుంది. ఇద్దరికీ తరచూ విరేచనాలు పట్టుకుంటున్నాయి. పాప రాత్రిళ్లు కింద దురద అని ఏడుస్తుంది. చేతులు కడుక్కోమంటే డ్రమ్ములో ముంచి పారిపోతారు. మాకు కుళాయి నీళ్లు రోజూ రావు, పట్టి పెట్టుకోవాల్సిందే. శానిటైజర్ రాస్తే సరిపోదా? మట్టిలో ఆడితేనే పిల్లలు గట్టిపడతారని మా అత్తమ్మ అంటారు, నిజమేనా?

జవాబు: ముందు ఆ డ్రమ్ము సంగతి చూద్దామమ్మా, ఎందుకంటే నా అనుమానమంతా దాని మీదే. దొడ్డికి వెళ్లొచ్చిన చెయ్యి అందులో పడ్డాక అవే నీళ్లు వంటకీ, గ్లాసులు తొలవడానికీ వెళ్తాయి కాబట్టి ఒకరి చేతి క్రిములు ఇంటిల్లిపాదికీ అందుతాయి. డ్రమ్ముకి మూత పెట్టండి, పొడవు కాడ ఉన్న మగ్గుతోనే ముంచండి, తాగే నీళ్లు వేరే బిందెలో కాచి చల్లార్చి పెట్టుకోండి.

చేతులు కడగడానికి బకెట్లకి బకెట్లు అక్కర్లేదు, గ్లాసుడు చాలు. ఖాళీ వాటర్ బాటిల్ మూతకి కాల్చిన పిన్నీసుతో నాలుగు చిల్లులు పెట్టి నింపండి, వంచి నొక్కితే సన్నటి ధార వస్తుంది. దాన్ని బాత్రూం గుమ్మం పక్కనే చిన్న స్టూలు మీద, పాపకి అందేలా పెట్టండి. సబ్బు ముక్కని పాత సాక్సులో వేసి పక్కనే వేలాడదీస్తే చేతిలోంచి జారదు, ఎక్కడికీ పోదు. సబ్బు పై అల్మారాలో, నీళ్లు పెరట్లో ఉంటే ఏ పిల్లాడూ కడుక్కోడు, పెద్దవాళ్లం మనమే బద్ధకిస్తాం.

తడిపి, నీళ్లు ఆపేసి, సబ్బుతో 20 సెకన్లు రుద్ది, అప్పుడు కడగాలి. పిల్లలు అరచేతులు రెండూ రాసేసి అయిపోయిందంటారు, కానీ మురికంతా వేళ్ల సందుల్లో, బొటనవేలి చుట్టూ, గోళ్ల కింద ఉంటుంది. బాబుకి ఒక డ్యూటీ ఇవ్వండి: చెల్లి చేతులు రుద్దుకుంటుంటే వాడు ఒకటి నుంచి ఇరవై దాకా నిదానంగా, గట్టిగా లెక్కపెట్టి తర్వాత నీళ్లు పొయ్యాలి. పెత్తనం ఇస్తే ఈ వయసు పిల్లలు భలే సీరియస్‌గా చేస్తారు, మీరు అరవాల్సిన పని తప్పుతుంది.

ఇక శానిటైజర్. ఊర్బిండి పచ్చడి తిన్న పళ్లెం జిడ్డు ఉట్టి నీళ్లకి పోదు కదా, చేతి మీద క్రిములూ అలాగే జిడ్డుని పట్టుకుని ఉంటాయి, సబ్బు ఆ జిడ్డుతో సహా వాటిని ఊడదీస్తుంది. శానిటైజర్ ఆ మురికిని తీయదు, నులిపురుగుల గుడ్లనీ చంపదు. బస్సు ప్రయాణంలో సబ్బు దొరకనప్పుడు వాడుకోండి, అంతే.

అన్నట్టు, సంగటి ముద్ద చేసి పెట్టేది మీ చెయ్యేనా? అయితే మీరూ, అత్తమ్మా కూడా వంటకి ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక, పాపని కడిగాక సబ్బు పట్టాల్సిందే. కడిగిన చేతుల్ని వారం రోజుల చీర చెంగుకి తుడిస్తే మాత్రం మొదటికొస్తుంది.

పాప దురద నులిపురుగుల వల్లే అయ్యుండొచ్చు. ఆడపురుగు రాత్రిపూట మలద్వారం బయటికొచ్చి గుడ్లు పెడుతుంది, పాప గోకుతుంది, గుడ్లు గోళ్లలో చేరతాయి, తెల్లారి అదే వేలు నోట్లోకి వెళ్తుంది. అందుకే మందు పాపకి ఒక్కదానికే ఇస్తే మళ్లీ వస్తుంది. డాక్టర్‌కి చూపించి ఇంట్లో అందరూ ఒకేసారి వేసుకోండి, రెండు వారాల తర్వాత ఇంకో డోసు ఉంటుంది. గోళ్లు కత్తిరించండి, పొద్దున లేవగానే స్నానం చేయించి లోదుస్తులు మార్చండి, దుప్పట్లు ఎండలో వేయడం కంటే ముందు వేడినీళ్లలో ఉతకండి. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 ప్రాంతంలో బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మందు ఆల్బెండజోల్ మాత్రని నమిలి మింగేలా చూడండి, జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేసే పిల్లలు చాలామంది.

అత్తమ్మ మాట సగం నిజం. మట్టిలో ఆడనివ్వండి, ఏం కాదు, కానీ చెప్పులేసుకుని ఆడాలి. కొంకిపురుగు అనే పేగు పురుగు మట్టిలోంచి అరికాలి చర్మం గుండానే లోపలికి పోతుంది. ఆడి నేరుగా కంచం ముందు కూర్చుంటేనే చిక్కు.

ఈసారి విరేచనాలు మొదలైతే లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని మొత్తం లీటరు నీళ్లలో కలపండి, గ్లాసులో సగం పొడి వేసే పద్ధతి వద్దు. ఆ పేరు పోలిన తియ్యటి జ్యూస్ డబ్బాలూ వద్దు. జింక్ మాత్ర డాక్టర్ చెప్పిన మోతాదులో 14 రోజులు వేయండి, విరేచనాలు మూడోరోజుకే ఆగినా సరే. మలంలో రక్తం పడినా, కళ్లు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరేడు గంటలు మూత్రం పోకపోయినా, మగతగా పడుకున్నా ఇంట్లో చూస్తూ కూర్చోకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెలనెలా ఇలాగే వస్తూ బరువు కూడా పెరగకపోతే మల పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో పిల్లల డాక్టర్‌ని కలవండి.