అల్యూమినియం సూట్‌కేసు కోసం ఏడాదంతా వాయిదాలు కట్టాలా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఏడాదికి సుమారు 40 ట్రిప్పులు విమానంలో తిరుగుతాను, సామాను ఎక్కువ కాబట్టి ప్రతిసారీ పెట్టె చెకిన్ చేయక తప్పదు. మూడేళ్లలో రెండు గట్టి షెల్ సూట్‌కేసులు పాడయ్యాయి. ఒకదాని మూల పగిలింది, రెండోదాని చక్రం ఊడింది. రెండూ చవకవే. విసుగొచ్చి ఈసారి అల్యూమినియంది తీసుకుందామనుకుంటున్నాను. పాతవాటి ధరకు పదిహేనింతలు ఉంది కాబట్టి ఏడాది వాయిదాల మీద. మూడింతల ధరలో పాలీకార్బొనేట్‌వి కూడా ఉన్నాయి గానీ మళ్లీ ప్లాస్టిక్కే కదా అనిపిస్తోంది. ఒక్కసారి పెట్టుబడి పెడితే జీవితాంతం నిశ్చింత అంటున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దండీ. మూడింతల ధరది, పూర్తి పాలీకార్బొనేట్‌ది, చక్రాలు మార్చుకునే వీలున్నది చూసుకుని, చేతిలో ఉన్న డబ్బుతో కొనండి. ఎందుకో చెబుతాను.

మూడేళ్లకు 120 ట్రిప్పులు, రెండు పెట్టెలు, అంటే ఒక్కోటి 60 ట్రిప్పులు మోసింది. పదిహేనింతలు పెట్టి కొన్నది దీనితో సమానంగా గిట్టాలంటే 900 ట్రిప్పులు రావాలి. మీరు తిరిగే లెక్కన అది ఇరవై రెండున్నరేళ్లు! అన్నేళ్లపాటు ఉద్యోగం ఇలాగే ఉండాలి, పెట్టె ఒక్కసారి కూడా దారిలో తప్పిపోకూడదు, ఎవరూ పొరపాటున ఎత్తుకుపోకూడదు. వాయిదాలకు వడ్డీ పడితే ఆ గడువు ఇంకా పొడుగవుతుంది. మూడింతల ధరదయితే 180 ట్రిప్పులు, అంటే నాలుగున్నరేళ్లు వస్తే చాలు, మధ్యలో ఒకసారి చక్రాలు మార్పించిన ఖర్చు కలుపుకున్నా ఐదేళ్లలోపే తేలిపోతుంది. పైగా పెట్టుబడి అనే మాట సూట్‌కేసుకు వాడకండి, దయచేసి. చెప్పుల జతలాగా, కారు టైర్లలాగా అది అరిగిపోయే వస్తువు.

అలాగని మళ్లీ చవకదే కొనమనడం లేదు. చవక పెట్టె ఇంట్లో మూలన ఉండగా పగలదు కదా. అర్ధరాత్రి ఊరు కాని ఊళ్లో, బెల్టు మీద బట్టలు బయటికి వేలాడుతూ వస్తుంది, మర్నాడు పొద్దున మీటింగు. అప్పుడు ఎయిర్‌పోర్టులో ఏది దొరికితే అది, ఎంతంటే అంతకు కొంటారు. ఆ ఖర్చు, ఆ టెన్షన్ కలిపితే చవకది చవక కాదు.

ఇక గట్టిదనం సంగతి. నేనూ చాలాకాలం షెల్ మందం చూసే కొన్నాను. ఓసారి చక్రం విరిగిన పెట్టెను బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్తే, ఆయన బయట అసలు చూడలేదు. పెట్టె తెరిచి, లోపలి లైనింగ్ జిప్ లాగి, బట్ట పక్కకు జరిపి చక్రం బిగించిన చోట వేలు పెట్టి చూపించాడు. నాలుగు రివెట్లు. "ఇవి స్క్రూలయితే పది నిమిషాల పని. రివెట్లు కాబట్టి డ్రిల్లు పెట్టి తీయాలి, తీస్తే చుట్టూ ప్లాస్టిక్ చిట్లొచ్చు" అన్నాడు. షెల్ మీద గీతలు తప్ప ఏమీ లేవు, పెట్టె మాత్రం పనికి రాకుండా పోయింది. అప్పటినుంచి ఏ పెట్టె కొన్నా ముందు లైనింగ్ తీసి చూస్తాను. మీరూ షాపులో మొహమాటపడకుండా అదే చేయండి. తరచూ ప్రయాణించేవాళ్ల పెట్టెలు మామూలుగా ముందు చక్రాల దగ్గర, తర్వాత లాగే హ్యాండిల్ దగ్గర, ఆ తర్వాత జిప్ దగ్గర పోతాయి. షెల్ నట్టనడుమ పగలడం అరుదు, పగిలితే మూలలే.

మీ మొదటి పెట్టె మూల పగిలిందంటే బహుశా ఏబీఎస్ ప్లాస్టిక్ అయ్యుంటుంది. చవక గట్టి పెట్టెలు ఎక్కువగా దానితోనే చేస్తారు. అది బిరుసుగా ఉంటుంది, దెబ్బ తగిలితే వంగి సర్దుకోవడం తక్కువ, చలిలో ఇంకా పెళుసవుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బకు లోపలికి నొక్కుకుపోయి మళ్లీ యథాస్థితికి వస్తుంది. పోలీసులు అల్లర్లప్పుడు పట్టుకునే పారదర్శక డాళ్లు దాంతోనే చేస్తారు, అందుకే "మళ్లీ ప్లాస్టిక్కే కదా" అనే అనుమానం మీకు అక్కర్లేదు. అల్యూమినియం పెట్టెలకే పేరుపడ్డ రిమోవా కూడా 2000లో పాలీకార్బొనేట్ పెట్టెలు తెచ్చింది. షాపులో పెట్టె మూసి నడిమధ్య రెండు అరచేతులతో గట్టిగా నొక్కండి. వంగి టక్కున వెనక్కి రావాలి. లేబుల్ మీద "ఏబీఎస్ ప్లస్ పీసీ" అని ఉంటే అది మిశ్రమం, అందులో పాలీకార్బొనేట్ ఎంతుందో చాలామంది రాయరు. నూరు శాతం పాలీకార్బొనేట్ అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. పాలీప్రొపిలీన్ పెట్టెలు కూడా మంచివే, తేలిగ్గా ఉంటాయి. రంగు విషయంలో నున్నగా మెరిసేది వద్దు, గరుకు ఉపరితలమయితే గీతలు కనబడవు.

అల్యూమినియం పగలదు, నిజమే. సొట్టపడుతుంది. ఒక్కోసారి ఆ సొట్ట ఫ్రేము అంచున పడితే రెండు భాగాలు సరిగ్గా కలవవు, తాళం పడదు. దానికితోడు బరువు. అదే సైజు పాలీకార్బొనేట్ పెట్టెకన్నా కిలో రెండు కిలోలు ఎక్కువ తూగడం మామూలే. చాలా ఎయిర్‌లైన్లు ఎకానమీలో ఒక పెట్టెకు ఇచ్చే పరిమితి 23 కిలోలు కదా, మీరేమో సామాను ఎక్కువంటున్నారు, ఆ రెండు కిలోలకు ఏడాదిలో ఎన్నిసార్లు అదనపు లగేజీ చార్జీ కట్టాల్సి వస్తుందో మీ పాత బోర్డింగ్ పాసులు ముందేసుకుని చూడండి.

"జీవితాంతం" అనే మాట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. చాలా కంపెనీల వారంటీ తయారీ లోపానికే వర్తిస్తుంది. ఎయిర్‌లైన్ సిబ్బంది విసిరేస్తే విరిగింది అందులోకి రాదు, కానీ మీ పెట్టెకు జరిగేది అచ్చంగా అదే. బ్రిగ్స్ అండ్ రైలీ లాంటి కొన్ని కంపెనీలు ఎయిర్‌లైన్ చేసిన నష్టాన్నీ కలిపి బాగుచేసిస్తామంటాయి. రిమోవా 2022 జూలై నుంచి కొన్నవాటికి జీవితకాల హామీ ఇస్తోంది, అదీ పెట్టె పనితీరుకే, సొట్టలకూ గీతలకూ కాదు. డబ్బు చెల్లించేముందు మూడు విషయాలు అడగండి: రవాణాలో దెబ్బతింటే వర్తిస్తుందా, మీకు దగ్గర్లో బాగుచేసే చోటు ఉందా, పెట్టెను అక్కడికి పంపే ఖర్చు ఎవరిది? ఐదేళ్ల వారంటీ ఉండి చక్రాలు విడిగా దొరికే పెట్టె, ఎక్కడో సముద్రాల అవతల సర్వీసు సెంటరున్న జీవితకాల వారంటీకన్నా మీకు ఎక్కువ ఉపయోగం.

ఇంకో మాట, ఆ రెండు పెట్టెలు పాడైనప్పుడు మీరు ఎయిర్‌లైన్‌కు ఫిర్యాదు చేశారా? ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు, చేయలేదనే అనుకుంటున్నాను. చాలామంది బెల్టు దగ్గర పగిలిన పెట్టె చూసుకుని ఉసూరుమంటూ టాక్సీ ఎక్కేస్తారు. నాకు బాధనిపించేది అక్కడే, హక్కుగా రావాల్సిన డబ్బు అది. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తే, చెకిన్ చేసిన సామాను దెబ్బతింటే అందుకున్న 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2024 డిసెంబర్ 28 నుంచి పరిహారం గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్. అది గరిష్ఠం మాత్రమే, చేతికొచ్చేది జరిగిన నష్టాన్ని బట్టి, పెట్టె వయసును బట్టి. పెట్టెలోనే లోపం ఉండి విరిగితే ఇవ్వరు, గీతలూ చిన్న సొట్టలూ మామూలు అరుగుదల అంటారు. ఒక దేశం లోపలి ప్రయాణాలకు ఆ దేశపు నిబంధనలు వేరే ఉంటాయి. ఏదైనా సరే, బ్యాగేజీ హాలు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్, అంటే సామాను దెబ్బతిన్నట్టు నమోదుచేసే పత్రం, రాయించుకోండి, నంబరు తీసుకోండి. చెకిన్ చేసేముందు పెట్టెకు నాలుగు వైపులా ఫొటోలు, కొన్న బిల్లు ఫోన్‌లో ఉంటే వాదన అక్కర్లేకుండా పని అవుతుంది. ఆఫీసు పని మీద తిరుగుతున్నారు కాబట్టి ప్రయాణ బీమాలో సామాను కవర్ ఉందేమో, పెట్టె ఖర్చు కంపెనీ భరిస్తుందేమో హెచ్ఆర్‌ను కూడా అడగండి.

డబ్బు సర్దుబాటు ఇలా చేయండి. కొత్త పెట్టె ధరను 54 భాగాలు చేసి, అంటే నాలుగున్నరేళ్ల నెలలకు, నెలకొక భాగం విడిగా వేస్తూ పోండి, ట్రిప్పు అలవెన్సులోంచి తీస్తే తెలియను కూడా తెలియదు. చక్రాలు పోతే అందులోంచే మార్పిస్తారు, పెట్టె పూర్తిగా పోయేనాటికి తర్వాతి దానికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. వాయిదా కట్టే అలవాటే ఇది కూడా, కాకపోతే వడ్డీ మీ వైపు నిలుస్తుంది.

చక్రం ఊడిన ఆ రెండో పెట్టెను ఇంకా పారేయకపోతే ఈ ఆదివారం లైనింగ్ జిప్ తీసి చూడండి. లోపల స్క్రూలు కనిపిస్తే, ఊడిన చోట షెల్ చిట్లకపోతే, మిగిలిన చక్రం కొలత తీసుకుని అలాంటిదే ఒకటి వేయించండి. మరో ఆరు నెలలు అది లాగితే కొత్తదానికి మీ డబ్బు అప్పటికి సమకూరుతుంది, తర్వాత అది ఇంట్లో అదనపు పెట్టెగా ఉంటుంది.